గీత కింది చుక్క

మంగళవారం పొద్దున నేను షాపు షట్టరు ఎత్తుతుంటే పక్క మందుల షాపాయన వచ్చి, "మీ టీచరమ్మ పోయిందంట కదా? ఇగ ఆ కేసు ఎవరు చూస్తరు?" అన్నాడు. చావుకబురు చెప్పే తీరు ఇదేనా అని ఆయన మీద విరుచుకుపడ్డాను. తర్వాత లోపలికి వెళ్ళి, జిరాక్స్ మెషిన్ వేడెక్కేదాకా స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే, ఆయన అడిగినదాంట్లో తప్పేముందిలే అనుకున్నాను. మెట్టుగూడలో సగం మందికి ఆవిడ అంటే ఆ కేసే. ఆవిడ ముప్పై ఏళ్ళు మిషన్ బడిలో లెక్కలు చెప్పిన సంగతి మాలాంటి పాత విద్యార్థులకి తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు.

నేను ఆవిడ దగ్గర ఆరు నుంచి పది దాకా చదివాను. లెక్కలు అంతంతమాత్రమే వచ్చాయి గానీ ఆవిడ తిట్లు ఇప్పటికీ నోటికొస్తాయి. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి, తల్లిని వెంట తెచ్చుకుని, చర్చి వెనక రెండు గదుల పోర్షన్‌లో స్థిరపడిపోయిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మాకెవరికీ లేదు. సన్నంచు తెల్ల చీర, నల్ల హ్యాండ్‌బ్యాగు, ఆ బ్యాగు పట్టీకి ఎప్పుడూ ఒక పిన్నీసు. "అదెందుకు టీచర్?" అంటే, "చెప్పు తెగితే" అనేవారు. మాకు నవ్వొచ్చేది. ఆవిడ ఒక్కరోజైనా ఆలస్యంగా వచ్చి ఉంటే కదా చెప్పు గురించి బెంగ! ఆవిడ గేటులో అడుగు పెట్టడం చూసి వీధిలోవాళ్ళు గడియారాలు సరిచేసుకునేవారు.

తప్పు రాస్తే రబ్బరు వాడనిచ్చేవారు కాదు. "కొట్టెయ్ అమ్మాయ్, చెరపకు. ఎక్కడ తప్పావో కనపడాలి" అనేవారు. ఇంకొకటి కూడా ఉంది. పక్కపిల్లని ఎక్కం అడగమంటే మేము తెలివిగా, "పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగేనా?" అని అడిగేవాళ్ళం. వెంటనే బల్ల మీద స్కేలు పడేది. "జవాబు చేతిలో పెట్టి ప్రశ్న అడుగుతారా? అదేం అడగడం?" ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు. దాని ఫలితం చివర్లో చెప్తాను.

ఇక ఆ కేసు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకరోజు, సరిగ్గా మా బడి గంట కొట్టే వేళకి, బడికి పది నిమిషాల నడకలో ఒక కార్మిక నాయకుణ్ణి కాల్చి చంపారు. హోటల్ ముందు నిలబడి చాయ్ తాగుతుంటే స్కూటర్ మీద ఇద్దరు వచ్చారు, వెనక కూర్చున్నవాడు కాల్చాడు. ఇద్దరి మొహాలకీ రుమాళ్ళు. బస్తీలన్నీ అట్టుడికిపోయాయి. మర్నాడు పోలీసులు వచ్చి మా బడి అటెండర్‌ని పట్టుకుపోయారు. ఆయన తమ్ముడి ఉద్యోగం పోతే ఆ నాయకుడు పట్టించుకోలేదని, నాలుగు రోజుల ముందు అదే హోటల్ దగ్గర ఆయన గొడవపడ్డాడు. నలుగురూ చూశారు.

"ఆ టైముకి నేను బడిలనే ఉన్న సార్" అని ఆయన మొత్తుకున్నాడు. కానీ పోస్టు పనికీ బ్యాంకు పనికీ పొద్దున్నే బయట తిరిగే మనిషి, గంట కొట్టేది కూడా ఆయన కాదు. ఆ వేళకి ఉన్నాడా లేడా అంటే ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. మా టీచర్‌ని అడిగారు, ఎందుకంటే సిబ్బంది హాజరు పుస్తకం బాధ్యత ఆవిడదే. ఆవిడ పుస్తకం తెరిచి చూపించారు. అటెండర్ పేరుకి ఎదురుగా గీత ఉంది. గీత ఉంటే వచ్చినట్టు. పోలీసులు పుస్తకాన్ని స్వాధీనం చేసుకుని రసీదు ఇచ్చారు. రెండు రోజులకి అటెండర్‌ని వదిలేశారు. స్కూటర్ మనుషులెవరో ఇప్పటికీ తేలలేదు. కేసు ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి, అక్కణ్ణుంచి మళ్ళీ మొదటిదానికి తిరిగి ఎక్కడో ఒక బీరువాలో ఆగిపోయింది.

ఆవిడ రిటైరై చాలా ఏళ్ళయ్యాక, నేను ఇదే వీధిలో టైపింగు, జిరాక్సుల షాపు పెట్టుకున్నాక, ఒకరోజు పదకొండు కొట్టేసరికి గుమ్మంలో నిలబడ్డారు. చేత్తో రాసిన కాయితం ఇచ్చి, "టైప్ చెయ్ అమ్మాయ్. తప్పుల్లేకుండా" అన్నారు. సమాచార హక్కు దరఖాస్తు. ఫలానా నాయకుడి హత్య దర్యాప్తు ఎంతవరకు వచ్చింది, స్వాధీనం చేసుకున్న వస్తువులు ఎక్కడున్నాయి, అందులో హాజరు పుస్తకం ఉందా, ఆ రోజు పేజీ నకలు ఇవ్వగలరా. నాకు చెప్పలేనంత గర్వమేసింది. మా టీచర్ న్యాయం కోసం పోరాడుతున్నారు! టీ తెప్పించి, టైపింగు ఊరికే చేసిపెడతానన్నాను. "అక్షరాలు చూసుకో ముందు" అన్నారు.

జవాబులు రావడం మొదలయ్యాక నా బుర్ర తిరిగిపోయింది. మొదటి కార్యాలయం ఫైలు తమ దగ్గర లేదు, ఫలానా చోటికి పంపామంది. ఆ ఫలానా చోటివాళ్ళు అందనే లేదన్నారు. ఇంకోసారి అడిగితే, అందింది గానీ దర్యాప్తు సాగుతున్నందున ఇవ్వలేమన్నారు. మరుసటి ఏడాది, దర్యాప్తు ఎప్పుడో ముగిసినందున ఫైలు వెతకాల్సి ఉందన్నారు. సాగుతోందా, ముగిసిందా? ఆవిడ ఆ ఉత్తరాలన్నిటినీ ఎర్ర పెన్నుతో దిద్దేవారు. "ఈ వాక్యానికి కర్త ఏడీ?" అని పక్కన రాసేవారు. ఒకదాని మీద పదికి సున్నా వేశారు. నేను పడీ పడీ నవ్వితే ఆవిడ నవ్వలేదు.

నాకు అర్థం కానిది ఇంకోటుంది. ఆ నాయకుడి భార్య మారేడ్‌పల్లిలోనే ఉండేవారు. ఇద్దరూ కలిసి అడిగితే బలంగా ఉంటుంది కదా, వెళ్ళి కలుద్దాం టీచర్ అన్నాను. ఆవిడ మొహం పక్కకి తిప్పుకున్నారు. "ఆవిడ కళ్ళల్లోకి చూసి మాట్లాడలేను" అన్నారు. న్యాయం కోసం పోరాడే మనిషికి ఆ మాట ఎందుకొస్తుంది?

అప్పీలు విచారణకి నేనే తోడు వెళ్ళాను. అధికారి మంచివాడే. కుర్చీ వేయించాడు.

"అమ్మా, ఆ లీడర్ మీకేమైతడు?"

"ఏమీ కాడు."

"అటెండర్?"

"ఏమీ కాడు."

"మరి గీ వయసుల మీకెందుకమ్మా ఈ పరేషాన్?"

"ఆ పుస్తకంలో గీతలు గీసింది నేనండి. నా గీత నేను చూసుకోవాలి."

ఆయన నావైపు చూశాడు, పెద్దావిడకి మతి ఉందా అన్నట్టు. నేనూ ఆయనలాగే చూస్తున్నాను.

ఆ వారమే ఒక మధ్యాహ్నం షాపులో కరెంటు పోయి, గిరాకీ లేక ఇద్దరం విసనకర్రలు పట్టుకు కూర్చున్నప్పుడు ఆవిడ నోరు విప్పారు. మా బడిలో టీచర్లు సంతకం పెట్టే పద్ధతి లేదట. పాత హెడ్‌మిస్ట్రెస్ పెట్టిన నియమం, పిల్లలకి వేసినట్టే పెద్దలకీ హాజరు ఒకరే వెయ్యాలి. వేళకి వచ్చినవాళ్ళకి ఇంకుతో గీత, గంట కొట్టే వేళకి రానివాళ్ళకి పెన్సిల్‌తో చుక్క. వచ్చాక ఆ చుక్క మీద ఇంకుతో గీత. నెలలో మూడు చుక్కలు పడితే సగం రోజు సెలవు కోత.

"రెండు బస్సులు మారి వచ్చేవాళ్ళమ్మాయ్, పాపం. చంటిపిల్లల తల్లులు. సాయంత్రం అందరూ వెళ్ళాక కూర్చుని, చుక్కలున్నవాళ్ళ గీతలు లావుగా దిద్దేదాన్ని. కింద చుక్క ఉందో లేదో ఎవరికీ తెలీకుండా." నవ్వబోయి ఆగారు. "రబ్బరైతే వాడలేదులే."

"అయితే ఏమైంది టీచర్?"

"పోలీసులు అడిగితే గీత ఉందని చూపించాను. అది సన్నదో లావుదో చూసుకోలేదు. వాడు గంట వేళకే వచ్చాడా, అరగంట పోయాక వచ్చాడా? ఎంత తలబద్దలు కొట్టుకున్నా గుర్తు రావట్లేదు. గీత సన్నగా ఉంటే వేళకి వచ్చినట్టు."

"లావుగా ఉంటే?"

"ఒక ప్రాణం తీసినవాణ్ణి నేను చేతులారా ఇంటికి పంపించినట్టు."

అప్పుడు అర్థమైంది, ఆవిడ అధికారుల్ని నిలదీయడం లేదని. తన తప్పు ఎక్కడ ఉందో వెతుక్కుంటున్నారు. ఆయన్నే అడగొచ్చు కదా అన్నాను. ఆ అటెండర్ రిటైరై మౌలాలిలో ఉంటున్నాడు, పిలిస్తే పరుగెత్తుకొచ్చే మనిషి. "ఏమని అడగనమ్మాయ్? నువ్వు చంపొచ్చావా అనా? ఇరవై ఏళ్ళు నా రిజిస్టర్లు మోశాడు" అన్నారు.

ఆఖరి ఏడాది ఆఫీసుల మెట్లెక్కలేకపోయారు. "ఈసారి దరఖాస్తు నీ పేరు మీద వెయ్" అన్నారు. వేశాను. ఫైలు దొరికిందని, వచ్చి చూసుకోవచ్చని ఎప్పటికైనా రాస్తారని నాకు నమ్మకం లేదు. ఆవిడకి ఉంది. "లావైనా సన్నమైనా ఉన్నదున్నట్టు చెప్పు. ఓదార్చకు" అని మాట తీసుకున్నారు.

సమాధి దగ్గరికి ఆ అటెండర్ కూడా వచ్చాడు. అందరూ మట్టి వేసి పక్కకి జరిగాక, చెప్పులు దూరంగా వదిలి వచ్చి, పిడికెడు మట్టి వేసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. పలకరించాల్సింది. నేనూ మొహం తిప్పుకున్నాను. ఆవిడ అనుమానం నాకు అంటుకుంది, దాచడమెందుకు.

ఆవిడ పోయిన పదో రోజున ఉత్తరం వచ్చింది. ఫైలు దొరికింది, వచ్చి చూసుకోవచ్చు. ఇన్నేళ్ళు దొరకనిది ఇప్పుడెలా దొరికిందో అడిగితే, "బిల్డింగ్ షిఫ్ట్ చేసినం మేడం, కింద బండిల్‌ల వచ్చింది" అన్నాడు గుమాస్తా. తాడు విప్పి, దుమ్ము దులిపి, పుస్తకం నా ముందు పెట్టాడు. "జెర జల్దీ చూడండి, లంచ్ టైమ్ అయితుంది."

ఆ రోజు పేజీ తీశాను. పేర్లు, గీతలు. చాలావరకు సన్నవి. అటెండర్ పేరు అన్నిటికంటే కింద ఉంది. దాని ఎదురుగా గీత లావుగా ఉంది. రెండుమూడుసార్లు దిద్దినంత లావు.

టీచర్ ఈ మాట వినకుండా పోవడమే మంచిదైందని కూడా అనుకున్నాను, దేవుడు నన్ను క్షమించాలి. పుస్తకం మూయబోతూ, ఆవిడ దస్తూరీ మరోసారి చూద్దామని పైకి చూశాను. వరసలో రెండో పేరు ఆవిడదే. ఆవిడ పేరు ఎదురుగా గీత సన్నగా ఉంది. దాని కింద, నడిమధ్యన, రెండు పక్కలా పొడుచుకొచ్చి కనపడుతూ పెన్సిల్ చుక్క ఉంది. ఊళ్ళోవాళ్ళ చుక్కలన్నీ కప్పిపెట్టిన మనిషి తన చుక్కని మాత్రం కప్పుకోలేదు.

తర్వాత ఒక్కొక్కటే తట్టింది. చుక్క ఉందంటే ఆ రోజు గంట వేళకి ఆవిడే బడిలో లేరు. ఆలస్యమన్నది ఎరగని మనిషి ఆ ఒక్కరోజూ ఆలస్యంగా వచ్చి, ఆ సంగతే మర్చిపోయారు. మరి ఆ చుక్క పెట్టిందెవరు? పుస్తకం ఉండే బీరువా తాళం ఆవిడ దగ్గర తప్ప ఉండదే! లేటుగా వచ్చి, తన చుక్క తనే పెట్టుకున్నారా? పెట్టుకోగల మనిషే. లేకపోతే ఆ వేళకి పుస్తకం పట్టుకుని బడిలో ఇంకెవరో ఉండాలి. పుస్తకం జోలికి పోయేది ఆవిడ కాక ఇంకొక్కరే, దాన్ని మోసేవాడు. ఆయన గీతేమో లావుగా ఉంది. ఒకే పేజీ రెండు మాటలు చెబుతోంది. గుమాస్తా టిఫిన్ డబ్బా తెరిచాడు. నకలు తీయించుకుని బయటపడ్డాను.

ఆదివారం మౌలాలి వెళ్ళాను. గుట్ట కింద సందులో ఆయన ఇల్లు. అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. దారంతా ఏమని అడగాలో కూడబలుక్కున్నాను. తీరా ఆయన మొహం చూసేసరికి ఆగలేకపోయాను.

"తాతా, ఆ రోజు టీచర్ పేరు కింద చుక్క ఉంది. అది పెట్టింది నువ్వేనా?"

నోట్లోంచి వచ్చాక గానీ తెలియలేదు. జవాబు ఆయన చేతిలో పెట్టి మరీ అడిగాను. నా చెవుల్లో స్కేలు చప్పుడైంది.

ఆయన చేతులు తుడుచుకున్నాడు. "నేనే బిడ్డా" అన్నాడు. "ఆ దినం మేడం లేటొచ్చింది. చెప్పు తెగిందంట, కుంటుకుంట వచ్చింది. బీరువా ఇంకో చావి నా దగ్గరుండె. మేడమే ఇచ్చింది, ఎవ్వరికి చెప్పకు అన్నది. గంట కొట్టంగనే బుక్కు తీసి రానోళ్ళకు చుక్కలు పెట్టిన. మేడంకు సుత పెట్టిన. రూలంటే రూలే గద."

"మరి పోలీసులకి ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పాలె? చావి నా దగ్గరున్నదంటే మేడం నౌకరి పోతుండె. గీత ఉండె, ఇడిచిపెట్టిండ్రు. అయిపాయె అనుకున్న."

చెప్పు తెగిన సంగతి నేను చెప్పలేదు, ఆయనే చెప్పాడు. నా గుండె తేలికపడింది. మళ్ళీ వెంటనే, ఆ పిన్నీసు సంగతి బడిలో పిల్లలకి కూడా తెలుసు కదా అనిపించింది. నామీద నాకే అసహ్యమేసింది.

"మరి నీ గీత అంత లావుగా ఎందుకుంది తాతా?"

ఆయన ఇంకో మిరపకాయ అందుకుని తొడిమ తీశాడు. "అది మేడంనే అడగాలె" అన్నాడు.

ఆయన మిరపకాయల చేట పక్కకి జరిపి నావైపు తిరిగాడు. "ఆ దినం తర్వాత మేడం నా మొహం చూసి మాట్లాడలేదు బిడ్డా. చావి ముచ్చటకు భయపడుతున్నదేమో అనుకున్న. దూరం దూరమే ఉన్న. మేడంకు నా మీద శక్ ఉండెనా?"

ఓదార్చకు అని ఆవిడ నా దగ్గర మాట తీసుకున్నారు. కానీ అది ఆవిడ విషయంలో కదా! ఈయన విషయంలో ఏం చెయ్యాలో చెప్పి పోలేదు. ఇద్దరూ ఒకరి ఉద్యోగం ఒకరు కాపాడాలని, ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని చూసి, ఇన్నేళ్ళు మెట్టుగూడకీ మౌలాలికీ మధ్య ఒక్క ప్రశ్న అడగకుండా బతికేశారు. అదే నిజమైతే. అది నిజమో కాదో నాకు తెలియదు. తెలుసుకునే దారి ఒకటి ఉండేది, దాన్ని నేనే నోరు జారి పాడుచేశాను.

నేను జవాబు చెప్పకపోయేసరికి ఆయన నా చేతిలో నకలు తీసుకున్నాడు. కిటికీలో ఉన్న మనవరాలి పెన్సిల్ అందుకుని, ములుకు నాలుకకి అద్దుకుని, మా టీచర్ పేరు పక్కన ఖాళీలో మెల్లగా ఒక చుక్క పెట్టాడు. కాయితం నా కళ్ళ దగ్గరికి జరిపాడు.

"చూడు బిడ్డా, నీకు చదువొచ్చు గద. గదీ గిదీ ఒక్కటేనా?"

వంగి చూశాను. అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను. రెండూ గుండ్రంగా, నల్లగా, ఒకే తీరుగా ఉన్నాయి. ఏ ఇద్దరు పెట్టినా చుక్కలు అలాగే ఉంటాయి. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు.

"ఒక్కటే తాతా" అన్నాను. "నీదే. టీచర్‌కి నీ మీద ఏ అనుమానమూ లేదు."

ఆయన తల ఊపి, పెన్సిల్ చెవి మీద పెట్టుకుని మళ్ళీ మిరపకాయల మీదికి వంగాడు. కాయితం నా ఒళ్ళో ఉంది. సాయంత్రం అందరూ వెళ్ళాక, ఖాళీ బడిలో ఒక్కరే కూర్చుని, ఎవరిదో గీత ఇంకోసారి, ఇంకోసారి దిద్దుతున్న మా టీచర్ చెయ్యి నాకు కనిపించింది.